చెన్నమ్మ కూర్చున్న బరఫ్

తెల్లవారుతుండగా బొంబాయి రోడ్డు మీద లారీ హారన్ వినబడగానే రామచందర్ లుంగీ ఎగ్గట్టుకుని దుకాణం తలుపు తీసేవాడు. హైదరాబాద్ ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చే బరఫ్ దిమ్మలు ఊకలో పొర్లి, గోనెసంచులు కప్పుకుని, దారిలో కరిగింది కరగగా మిగిలింది జహీరాబాద్‌లో దిగేది. దాన్ని ఇనుప కొక్కేలతో లాగి దుకాణంలో తవ్వించిన గుంతలోకి దించడం అతని పని. గుంతకు చుట్టూ ఎర్రరాయి కట్టుబడి, అడుగున ఊక, పైన గోనె. ఆ గోనె మీద కూర్చోవడం అతని భార్య చెన్నమ్మ పని.

కూర్చోవడం కూడా ఒక పనేనా అంటే, చెన్నమ్మ కూర్చుంటే పనే. మనిషి చూడబోతే జొన్నదంటు. కానీ ఆమె బరువు ఇంతని చెప్పగల కాంటా ఆ ఊళ్లో లేదు. నులకమంచాలు ఎన్నో తెగాయి. ఎడ్లబండి వెనక ఎక్కిందంటే కాడి పైకి లేచి ఎడ్లు బిత్తరపోయేవి. బస్సు కండక్టరు ఆమెను చూడగానే, "అమ్మా, నడుమ కూసో, నీకు దండం పెడత, పక్కకు మాత్రం కూసోకు" అనేవాడు. ఇందులో వింతపడేవాళ్లెవరూ లేరు. ఒకరికి మెల్లకన్ను ఉంటుంది, ఒకరికి ఆరో వేలు ఉంటుంది, చెన్నమ్మకు బరువు ఉంది. ఆమెను మోయగలిగినవి నేల, బరఫ్ రెండే. చలికి కాళ్లు గుంజుతాయని నేల మీద కూర్చోదు. బరఫ్ మీద కూర్చుంటే చలి వేయదా అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేది.

ఆ బరువు పుట్టుకతో వచ్చింది కాదు. మొగుడంపల్లి నుంచి కాపురానికి వచ్చిన రోజున గడపలో పెట్టిన బియ్యం చెంబును గాలి తన్నినట్టే తన్నింది, కింద మట్టి కూడా అణగలేదు. తొలికాన్పులో ఏడో నెలకే కొడుకు పుట్టాడు. కుంపటి పెట్టారు, ఆముదం రాశారు, దూదిలో చుట్టారు. ఎన్ని చేసినా ఆ చిన్న ఒళ్లు పాదాల నుంచి మొదలుపెట్టి చల్లబడిపోయింది. చెన్నమ్మ ఏడవలేదు. ఆమె తత్వమే అంత, నోట్లో మాట నోట్లోనే, కంట్లో నీళ్లు కంట్లోనే. బయటికి రానిది ఎక్కడికి పోతుంది? లోపలే పేరుకుంది.

అప్పటినుంచి ఆమె కింద ఉన్న బరఫ్ నీళ్లలో తేలడం మానేసింది. షర్బత్ గ్లాసులో వేస్తే గులకరాయిలా అడుక్కి పోయేది. రెండో బిడ్డ కూడా అట్లాగే పుట్టి అట్లాగే పోయాక, ఆ బరఫ్ సుత్తికి లొంగలేదు, సుత్తే వంగింది. మూడో బిడ్డను మట్టికిచ్చి వచ్చి కూర్చున్న ఏడాది దిమ్మ అద్దంలా తేటబడి, వెచ్చబడింది. ఎదురుగా సోడా దుకాణం మాణిక్ ఒక ముక్క తీసుకుపోయి మళ్లీ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమయ్యా రామచందర్, బరఫ్ అడిగితే గరంగరం ఇస్తివి. దీన్ని సోడల ఏస్కోవాల్నా, చాయల ఏస్కోవాల్నా?"

ఇక లాభం లేదని రామచందర్ ఒక దిమ్మను అమ్మకం లెక్కలోంచి తీసేసి, గుంత పక్కన ఆమె కోసమే వేశాడు. ఆమె కూర్చున్నంతసేపూ అది కరగదు, తరగదు. లేచిందంటే చిటపటమని కాసేపు పగిలి, మామూలు బరఫై, మామూలు నీళ్లయ్యేది. మళ్లీ కూర్చుంటే మిగిలినది మళ్లీ వెచ్చబడేది. అందుకని చెన్నమ్మ లేవడం కూడా తక్కువే.

ఆమె అత్తగారు హనుమమ్మ చెడ్డది కాదు. కానీ వంశం అన్న మాట చెవిలో పడితే ఆమెకు ఇంకేమీ వినబడదు. ఒకరుండగా ఇంకొకరిని కట్టుకోవద్దని కొత్త చట్టం వచ్చిందని బడిపంతులు చెబితే, "ఆ చట్టం ఢిల్లీల పుట్టింది పంతులూ, నా మనుమడు ఈడ పుట్టాలె" అని పంపించేసింది. ఝరాసంగం నుంచి మణెమ్మ అనే పిల్లను మాట్లాడి, చెన్నమ్మ దగ్గరికొచ్చి కూర్చుంది.

"చెన్నా, మనసు కష్టం జేస్కోకు. వచ్చే పిల్లకు తొలిచూలు ఎవరు పుట్టినా తొట్టెలనాడు నీ ఒళ్లనే ఏస్త. నువ్వు 'నా బిడ్డ' అంటివా, అది నీ బిడ్డనే. నిన్నే అమ్మ అంటది, దాన్ని చిన్నమ్మ అంటది. మన ఇంట్ల తాతల కాడికెల్లి ఇదే నడుస్తున్నది."

చెన్నమ్మ సరే అంది. ఒప్పుకున్నది ఆ ఒక్క మాట కోసమే. ఒళ్లో ఒక బిడ్డ, అమ్మా అని ఒక పిలుపు. దాని కోసం మొగుడిని పంచుకోవడం ఏపాటి అనుకుంది. అనుకున్నంత తేలిక కాలేదనుకోండి. పెళ్లిమేళం ఇంటి ముందు ఆగిన రోజున ఆమె కూర్చున్న దిమ్మ కింద ఎర్రరాయి రెండుగా చీలింది.

మణెమ్మ మంచిపిల్ల. పదునైన నోరు, మెత్తని చేతులు. అక్కా అక్కా అంటూ వెంట తిరిగేది. రెండో సంవత్సరం కడుపు పండింది. పుష్యమాసపు చలిలో, నీళ్ల బిందె మోస్తూ గడప దగ్గర జారి పడింది. ఆ మధ్యాహ్నమే నొప్పులొచ్చాయి. అప్పుడూ ఏడో నెలే.

దవాఖాన నుంచి నర్సు రూతమ్మ వచ్చి కాన్పు చేసింది. ఆడపిల్ల. దోసిట్లో పెడితే ఇంకా చోటు మిగిలేంత. ఏడుపు పిల్లికూన మూలిగినట్టుంది.

"దీనికి మందు లేదమ్మా, ఎచ్చదనమే మందు" అంది రూతమ్మ. "హైదరాబాద్ పెద్దదవాఖానల అద్దాలపెట్టె ఉంటదట గని, లారీల ఏస్కపోతె దారిల్నే అయిపోతది. కుంపటి పెడితె పొగకు ఊపిరాడదు. ఏడినీళ్ల సీసాలు గడెకోసారి సల్లబడుతయి. ఒక్క తీరుగ, ఆగకుంట ఎచ్చగ ఉండాలె. ఎండాకాలం దాక."

హనుమమ్మ నెత్తి కొట్టుకుంది. రామచందర్ గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. చెన్నమ్మ తలుపు దగ్గర నిలబడి పిల్ల పాదాలు చూసింది. ఆ నీలం ఆమెకు తెలిసిన నీలం.

"నా దిమ్మ తెప్పియ్యుండ్రి" అంది.

ఎవరూ ఎందుకని అడగలేదు. ఇద్దరు హమాలీలను పిలిచి దిమ్మను వెనక గదిలోకి తోయించారు. ఒక చివర చెన్నమ్మ కూర్చుంది. ఆమె కూర్చోగానే దిమ్మ ఈ కొస నుంచి ఆ కొస దాకా తేటబడి, పొదిగే కోడి కింద ఉండే వెచ్చదనం వచ్చింది. రెండో చివర గొంగడి పరిచి, దూదిలో చుట్టిన పిల్లను పడుకోబెట్టారు. రూతమ్మ చెయ్యి పెట్టి చూసి, "ఇది చాలు, ఇట్లనే ఉండనియ్యి" అని, ప్రార్థన చేసుకుని వెళ్లింది.

ఇక చెన్నమ్మకు అదే ఇల్లు, అదే పక్క. తిండి అక్కడికే వచ్చేది. నిద్ర గోడకు ఆనుకునే. మణెమ్మ పక్కన బొంత మీద పడుకుని, దూదివత్తితో పిల్ల నోట్లో పాలు పిండేది. అవసరానికి చెన్నమ్మ లేస్తే హనుమమ్మ పిల్లను రొమ్ముకు అదుముకుని ఆమె తిరిగొచ్చేదాకా దేవుళ్లందరినీ పిలిచేది. రోజులు గడిచినకొద్దీ పిల్ల ఒంటి నీలం విరిగి ఎరుపు తిరిగింది.

ఒక సాయంత్రం పిల్ల కళ్లు తెరిచింది. చెన్నమ్మ వేలు అందించింది. గోరంత గుప్పిలి ఆ వేలిని పట్టుకుంది, వదల్లేదు. బతుకుతుంది, ఇది బతుకుతుంది అనుకుంది చెన్నమ్మ. ఎన్నేళ్లుగానో బిగించుకున్నదేదో లోపల కాస్త సడలింది. పెదవుల మీదికి నవ్వొచ్చింది.

కింద దిమ్మ చిట్లిన చప్పుడైంది. గొంగడి తడిసింది. అప్పుడే లోపలికొచ్చిన రూతమ్మ పరుగున వచ్చి పిల్ల పెదవులు చూసి అరిచింది.

"ఏమైందమ్మా? బరఫ్ బరఫ్ లెక్కనే ఉన్నదేంది ఇప్పుడు? పిల్ల సల్లబడుతున్నది!"

చెన్నమ్మ కళ్లు మూసుకుంది. మొదటివాడి పాదం గుర్తు చేసుకుంది, తన అరచేతిలో అది చల్లబడిన తీరు. రెండోదాని గొంతు, పూర్తికాని ఏడుపు. మూడోవాడిని గుడ్డలో చుట్టి తీసుకుపోతుంటే జారి పడిన చిన్న చెయ్యి. దిమ్మ మళ్లీ తేటబడింది. వెచ్చదనం మెల్లగా పిల్ల దాకా పోయింది. రూతమ్మ నిట్టూర్చి తడి గొంగడి మార్చింది.

చెన్నమ్మకు సంగతి బోధపడింది. తాను తేలికపడితే పిల్ల చల్లబడుతుంది. ఈ మాట ఎవరికైనా చెబుదామా అనుకుంది. చెప్పుకుంటే గుండె బరువు తగ్గుతుందని అందరూ అంటారు. అదే కదా భయం! అయ్యో పాపం అని నలుగురూ ఓదార్చారంటే పిల్ల ప్రాణం పోయినట్టే. అందుకని ఆ మాట కూడా మింగింది. అప్పటిదాకా చచ్చిన బిడ్డలు వాళ్లంతట వాళ్లే గుర్తొచ్చి వేధించేవారు. ఇప్పుడు పిల్ల ఆవులించినప్పుడల్లా, తుమ్మినప్పుడల్లా, ముద్దొచ్చినప్పుడల్లా తానే వాళ్లను పిలుచుకుని గుండెల మీద కూర్చోబెట్టుకునేది. కన్నతల్లికి అంతకంటే కష్టమైన కూలి ఉంటుందా?

ఇంతలో హనుమమ్మ తొట్టెల, అంటే పిల్లకు పేరు పెట్టే వేడుక, పెట్టుకుంది. చెన్నమ్మ అడ్డం పడింది.

"జర ఆగుదాం అత్తమ్మ. ఎండాకాలం రానియ్యి."

"ఎట్ల ఆగుతమే? తొట్టెల దాటితె ఒడి నింపరు. చుట్టాలకు చెప్పిన. నీ బిడ్డ నీ ఒళ్లెకు వచ్చే రోజు, నువ్వే ఎనకకు గుంజుతవేంది?"

నీ బిడ్డ అన్న ఆ ఒక్క మాటకే కింద దిమ్మ సన్నగా మూలిగింది. చెన్నమ్మ నోరు మూసుకుంది.

తొట్టెలనాడు ఝరాసంగం నుంచి, మొగుడంపల్లి నుంచి వచ్చిన చుట్టాలతో గది నిండిపోయింది. పిల్లను దిమ్మ మీదినుంచి కదపవద్దని రూతమ్మ గట్టిగా చెప్పింది కనుక తంతు అక్కడే పెట్టారు. పేరు భాగీరథి. మణెమ్మ పిల్ల పక్కన దిమ్మ మీద చెయ్యి ఆన్చి నిలబడింది. హనుమమ్మ కొత్త చీర కొంగు చెన్నమ్మ ఒళ్లో పరిచి, బియ్యం పోసి, అందరికీ వినబడేట్టు అడిగింది.

"చెన్నమ్మా, భాగీరథిని నీ ఒళ్లె ఏస్తున్నం. నీ బిడ్డ అంటవా?"

ఆ ప్రశ్న ఒక్కసారే అడుగుతారు. చెన్నమ్మ ఒళ్లో బియ్యం చూసుకుంది. ఇన్నేళ్లుగా కోరుకున్నది రెండు మాటల దూరంలో ఉంది. అనకముందే ఒళ్లంతా దూదిలా అవుతోంది, గొంతులోకి ఏడుపు ఎగదన్నుకొస్తోంది, దిమ్మ చిటపటమంటోంది. పిల్ల చలికి ముడుచుకుని కీచుమంది. మణెమ్మ ఉలిక్కిపడి దిమ్మ మీదున్న తన అరచెయ్యి వంక చూసుకుంది.

"అనను" అంది చెన్నమ్మ. "నాకు వద్దు ఈ పిల్ల. ఎవరు కన్నరో వాళ్లే సాదుకోండ్రి."

బియ్యం కింద దులిపేసింది. హనుమమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "ఓర్వలేనితనమే నీకు! ఎదుటిదాని కడుపు పండితె కండ్లల్ల నిప్పులు పోసుకున్నవ్!" అంది. రామచందర్ పెళ్లాం ముఖం చూడకుండా బయటికి పోయాడు. చుట్టాలు భోజనాలు చేస్తూ ఆమె గురించే చెప్పుకున్నారు. చెన్నమ్మ తలొంచుకుని కూర్చుంది. దిమ్మ మాత్రం ఎప్పుడూ లేనంత వెచ్చగా ఉంది. మణెమ్మ అరచెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

మర్నాటి నుంచి మణెమ్మ నోరు విప్పింది. అప్పటిదాకా అక్కా అన్న నోరు.

"సూడుండ్రమ్మా, నా పిల్ల దిక్కు ఎట్ల సూస్తున్నదో! ముగ్గుర్ని మట్టిల పెట్టినవ్ సాలదా? నీ నీడ తగిలినా పాపమే!"

పిల్ల పక్కన దిమ్మ మీద అరచెయ్యి పెట్టి మరీ తిట్టేది. నా పిల్ల జోలికి రాకు అని హద్దు పెడుతోందనుకుంది చెన్నమ్మ. ఒక్కోరోజు నాలుగైదు మాటలకే ఆగిపోయేది. ఒక్కోరోజు చెయ్యి కాస్త జరిపి చూసి, ఇంకా వెతికి వెతికి, పుండు మీద కారం చల్లే మాట తెచ్చి వేసేది. తిట్టాక కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి పోయేది. నవ్వుకోవడానికి పోతోందనుకుంది చెన్నమ్మ. సవతుల పోరు అని గల్లీ అంతా ముక్కున వేలేసుకుంది. హనుమమ్మకే చివరికి కష్టమనిపించి, "ఇగ సాలు తియ్యే పిల్లా, అది గూడ మనిషే" అంది. మణెమ్మ వినలేదు.

మాఘంలో ఒక పొద్దున ఎముకలు కొరికే చలిగాలి వీచింది. పిల్ల పాదాలు మళ్లీ నీలం తిరిగాయి. మణెమ్మ దిమ్మ మీద చెయ్యి వేసింది, తీసింది, మళ్లీ వేసింది. చెన్నమ్మ ముఖంలోకి చూస్తూ, వణికే గొంతుతో అంది.

"పోయిన నీ పిల్లలు అదృష్టవంతులు. నీ అసొంటి తల్లి చేతుల పెరుగుడు తప్పింది."

ఇంతకుముందు ఎవరూ, చావు కూడా, చెన్నమ్మను అంత మాట అనలేదు. ఆమె కింద దిమ్మ నల్లబడింది. అద్దంలాంటిది పలకరాయిలా మారి, లోపలినుంచి పొయ్యిగడ్డంత వేడి ఎగదన్నింది. గొంగడి మీద ఇంకో గొంగడి వేయాల్సి వచ్చింది. బయట గాలి మూడు పొద్దులు వీచి ఆగింది. పిల్ల వెచ్చగా నిద్రపోయింది.

ఉగాది ఎండలు వచ్చాక రూతమ్మ పిల్లను ఎత్తి చూసి నవ్వింది. "ఇగ దీన్ని తొట్లె ఏస్కోండ్రి. గండం గడిచింది." మణెమ్మ పిల్లను తీసుకుంది. ఆ రోజుతో తిట్లు ఆగిపోయాయి. తిట్లే కాదు, మాటలూ ఆగిపోయాయి. చెన్నమ్మ ముందు అన్నం పెట్టి, కళ్లు కలపకుండా పోయేది. దిమ్మను మళ్లీ దుకాణంలోకి లాగించుకుని చెన్నమ్మ తన చోట తాను కూర్చుంది, దిమ్మ మళ్లీ నల్లబడింది. పిల్ల బతికింది, చాలు అనుకుంది. చాలలేదు. తొట్టెల్లో పిల్ల ఏడిస్తే ఆమె చేతులు తమంతట తామే లేచేవి, తానే దించుకునేది. అది తన బిడ్డ కాదని నలుగురిలో తానే అన్నది కదా.

భాగీరథికి అన్నీ ఆలస్యమే. పాకడం ఆలస్యం, నిలబడడం ఇంకా ఆలస్యం. కోళ్లగంప పట్టుకుని లేస్తే గంప బోర్లాపడేది. బిందె పట్టుకుంటే బిందె దొర్లేది. నాయనమ్మ మోకాలు పట్టుకుంటే నాయనమ్మే తూలేది. ఆ ఇంట్లో పట్టుకుంటే కదలనిది ఒక్కటే ఉందని ఆ పిల్ల తొందరగానే కనిపెట్టింది. పొద్దున లేస్తే పాక్కుంటూ దుకాణంలోకి వచ్చి, చెన్నమ్మ చీర కుచ్చిళ్లు పట్టుకుని లేచి నిలబడేది. చెన్నమ్మ బండలా కూర్చునేది. వేలు కూడా కదిపేది కాదు, పిల్ల పడుతుందేమోనని.

అది పెళ్లిళ్ల కాలం. దుకాణం నిండా బరఫ్ దిగింది. రామచందర్ బయట లారీవాడితో మాట్లాడుతున్నాడు. భాగీరథి కుచ్చిళ్లు పట్టుకుని నిలబడి, తల పైకెత్తి, స్పష్టంగా పిలిచింది.

"అమ్మ."

చెన్నమ్మ పలకలేదు. పెదవులు బిగబట్టి గోడ చూసింది. "అమ్మ" అని పిల్ల మళ్లీ పిలిచింది, కుచ్చిళ్లు గుంజింది.

లోపల రొట్టెలు చేస్తున్న మణెమ్మ జొన్నపిండి చేతులతోనే వచ్చింది. చెన్నమ్మ భుజాలు ముడుచుకుంది, ఇక తిట్లు మొదలవుతాయని. మణెమ్మ ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అరచెయ్యి దిమ్మ మీద ఆన్చింది.

"పలుకు అక్కా" అంది. "ఇగ సల్లబడితె సల్లబడనియ్యి."

చెన్నమ్మ ఆ చెయ్యి వంక చూసింది. ఆ చలికాలమంతా ఆ చెయ్యి అక్కడ ఎందుకుందో అప్పుడు తెలిసింది.

"నాకు ఒక్క మాటన్న చెప్పకపోతివేమే" అంది.

"చెప్తె నీ బరువు దిగుతుండె గదక్కా." మణెమ్మ ఏడుస్తోంది. "తొట్టెలనాడే నా చేతికి తెలిసింది. ఏమేం మాటలన్ననో... నా నోరు కాల."

"అమ్మ" అంది భాగీరథి మూడోసారి, కోపంగా.

"ఓ బిడ్డా" అని పలికింది చెన్నమ్మ.

ఆమెకు ఏడుపొచ్చింది. పోయిన ముగ్గురి కోసం, ఉన్న ఈ ఒక్కదాని కోసం, గట్టిగా, గల్లీ అంతా వినబడేట్టు ఏడ్చింది. కింద దిమ్మ నలుపు విరిగి తెల్లబడి, పిగిలి, గలగలమని నీళ్లయింది. గుంతలో బరఫ్ కూడా దాని వెంటే కరిగింది. నీళ్లు గడప దాటి బొంబాయి రోడ్డు మీదికి పారాయి. రామచందర్ కొక్కెం పట్టుకుని పరుగెత్తుకొచ్చి, "ఏమైందే, బరఫంత పాయె గదనే! పెళ్లోళ్లకు ఏం జెప్పాలె?" అని అరిచాడు. భాగీరథి నీళ్లలో కూలబడి, అరచేతులతో తపతపా కొడుతూ, ఈసారి ఊరికే, పలుకుతుందా లేదా చూద్దామన్నట్టు పిలిచింది. చెన్నమ్మ మళ్లీ పలికింది.